కొండ మీద సైన్యం ఎలా బతికింది?

కొండవీడు అనగానే మనకు రెడ్డి రాజులు గుర్తొస్తారు, పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు గుర్తొస్తాడు. కోటకు కాపలా కాసిన సిపాయిలు మాత్రం ఎవరికీ గుర్తురారు. యుద్ధం ఏ కొన్నేళ్ళకో ఒకసారి వచ్చేది. మిగతా రోజులన్నీ వాళ్ళు ఆ కొండ మీదే వండుకుని, తిని, పడుకుని గడిపారు. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలోని ఈ కోటను ఒక్కసారైనా ఆ దృష్టితో చూడాలని నా కోరిక.

ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి పాలించాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. శిఖరాల వెంట గోడ కట్టి బురుజులు లేపితే కింద మైదానంలో ఏ దండు కదిలినా కనబడుతుంది. అయితే ఎత్తు శత్రువును ఆపుతుందే గాని దాహం తీర్చదు. కొండ మీద బావి తవ్వితే రాయి తగులుతుంది. అందుకే వాననీటిని పట్టి నిలిపారు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అలా ఏర్పడ్డవే. నన్నడిగితే కొండవీటిలో అసలైన గొప్ప కట్టడాలు ఇవే. కోటలో ఎంతమంది ఎన్నాళ్ళు నిలవగలరన్నది చెరువులో నీళ్ళు, కొట్టులో ధాన్యం తేల్చేవి. గోడ ఎంత మందంగా ఉన్నా, లోపల గింజలు అయిపోతే తలుపు తెరవక తప్పదు.

1424తో కొండవీటిలో రెడ్డి రాజుల పాలన ముగిసింది. తర్వాత కోట ఒడిశా గజపతి రాజుల చేతికి వెళ్ళింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి దాన్ని గెలుచుకున్నాడు. గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే బందీ అయ్యాడు. ఆ తర్వాత గోల్కొండ సుల్తానులు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు గుంటూరుకు మళ్ళాక కొండ మీద సందడి పోయింది. గోడల మీద చెట్లు మొలిచాయి.

ఇలా పాడుబడిపోయే సైనికుల నివాసాలను కాపాడుకోవడం ఎలాగో తైవాన్‌ను చూసి నేర్చుకోవచ్చు. 1949 ప్రాంతంలో చైనా నుంచి ఓడి వచ్చిన సైనికుల కుటుంబాల కోసం అక్కడ వందల వాడలు వెలిశాయి. తర్వాత చాలావాటిని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. మిగిలిన కొన్నిటిని మ్యూజియాలుగా మార్చారు. తైచుంగ్‌లో హువాంగ్ యుంగ్‌ఫు అనే మాజీ సైనికుడు, కూల్చేస్తారనుకున్న తన వాడ గోడల నిండా రంగురంగుల బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలే వాడను నిలబెట్టాయి. నేడు జనం దూరాల నుంచి వచ్చి చూస్తున్నారు. అక్కడ రాజు లేడు, సింహాసనం లేదు. మామూలు సిపాయి ఇల్లే చూడదగ్గ చోటైంది.

కొండవీటికీ ఇప్పుడు ఘాట్ రోడ్డు వచ్చింది. ఒకప్పుడు మెట్లెక్కి ఆయాసపడ్డవాళ్ళు కారులో పైకి వెళ్తున్నారు. అది మంచిదే. కానీ చాలామంది బురుజు దగ్గర ఫోటో తీసుకుని దిగిపోతున్నారు. కూలిన గదుల దగ్గర, ధాన్యం కొట్ల దగ్గర, చెరువు గట్ల మీద ఇక్కడ ఎవరుండేవారో, ఏం చేసేవారో తెలుగులో వివరంగా బోర్డులు పెట్టాలి. ఈ పని పురావస్తు శాఖది. మన పనీ కొంత ఉంది. పిల్లలను తీసుకెళ్ళినప్పుడు ముందు చెరువుల దగ్గరికి నడిపించండి. గోడల మీద పేర్లు చెక్కకండి, చెరువుల్లో సీసాలు పడేయకండి.