హెడ్‌లైట్ వలయం కింద దాగిన రంగు

డాలీగంజ్‌లో ఇనుప వస్తువును ఆరుబయట ఉంచి మరచిపోరాదు. సముద్రపు గాలిలోని ఉప్పు, ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు కురిసే వాన కలసి దానిని తుప్పుకు అప్పగిస్తాయి. విశాఖపట్నం నుంచి ఓడలో తెచ్చుకున్న మా పెదనాన్నగారి పాత అంబాసిడర్‌లో ముందుగా పాడైనవి హెడ్‌లైట్లే. వాటిని బాగుచేయబూని నేను చేసిన పొరపాటే ఈ వ్యాసానికి కారణం.

కుడి దీపపు క్రోమ్ వలయాన్ని విప్పి, చుట్టూ ఉన్న మడ్‌గార్డు అంచును రేకు తేలేదాకా ఉప్పుకాగితంతో రుద్దాను. పిదప బానెట్‌ను చూపి రంగు కలిపించాను. ట్యూబ్‌లైటు కింద రెండూ ఒక్కటే అనిపించాయి. మరునాటి ఎండలో కొత్త రంగు ఆకుపచ్చ ఛాయలోకి తిరిగింది. కలిపిన వర్ణద్రవ్యాలు వేరైనప్పుడు ఒక వెలుగులో సరిపోయిన రంగులు మరొక వెలుగులో విడిపోతాయి. రంగును పగటి వెలుగులోనే సరిచూడాలి.

అంతకంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. బానెట్‌పై ఉన్నది అసలు రంగే కాదు. ఎవరో నడుమ మరొక పూత వేయించారు. అదీ ఎండకు వెలిసినది. పూత వేసినవారు వలయాన్ని విప్పక, దానిపై కాగితం అంటించి పని ముగించారు. వారి బద్ధకమే నాకు మేలు చేసినది! ఎడమ దీపపు వలయం తీసి, గట్టిపడిన రబ్బరును ఒలిస్తే, ఎండ సోకని చోట వేలెడు మేర బూడిదవన్నె కలసిన లేత నీలం నిగనిగలాడుతూ కనిపించింది. కుడివైపు అట్టి సాక్ష్యాన్ని నా చేతులతోనే రుద్దివేశాను.

1930ల నాటి కార్లలో దీపాలు విడిగా నిలిచేవి. వాటికి బిగింపు పట్టీల కింద, బోల్టు తలల కింద వెదకాలి. అక్కడా దొరకకపోతే కాసంత చోట సన్నని నీటి ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే పూతలు చెట్టు వలయాల వలె బయటపడతాయి. అన్నిటికంటె అడుగుది ప్రైమరు. దానిపైనున్నదే మొదటి రంగు. దానిని కాంపౌండుతో మెరుగుపెట్టి, కొత్త రంగును రేకు ముక్కపై వేసి పూర్తిగా ఆరిన పిమ్మటనే పక్కన పెట్టి చూడాలి. తడి రంగు కంటిని మోసగిస్తుంది. రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్లు నేడు ఉన్నాయి గాని, వాటికి శుభ్రమైన చదును చోటు కావాలి. దీపపు గిన్నె వంపుపై అవి తడబడతాయి.

ఇక మన ద్వీపపు చిక్కు. 1923లో అమెరికాలో ఓక్‌లాండ్ కార్లతో పేరుపొందిన డ్యూకో, నైట్రోసెల్యులోజ్ పూత. దాని ద్రావకం వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దానిపై చేరి తెల్లని మసక కమ్ముతుంది. ఎంత చక్కగా కలిపిన రంగైనా అప్పుడు పాలిపోతుంది. నిదానంగా ఆరే థిన్నరు వాడి, వాన లేని పొడి పూటను ఎంచుకోవాలి. ఆ పూట కోసం నేను పదకొండు రోజులు వేచి ఉన్నాను.

దీపం లోపలి అద్దపు పూతకు మాత్రం రంగు తగలనీయరాదు. అది పలుచని లోహపు పొర. గట్టిగా తుడిచినా గీతలు పడుతుంది.

ఇప్పుడు రెండు దీపాల చుట్టూ ఒకే నీలం ఉన్నది. ఎడమవైపు మాత్రం గోటి వెడల్పు పాత రంగును తాకకుండా వదలి, దానిపై వలయం బిగించాను.