మోటారు గృహములో పింగాణి పలకల నేల

కదలని యింటికి నేల వేయుట వేఱు, కదలెడి యింటికి నేల వేయుట వేఱు. తాండూరు బండలనో బేతంచెర్ల నాపరాళ్ళనో పఱచెడి మన తాపీమేస్త్రికి, క్రిందనున్న భూమి యెక్కడికిని పోదను ధైర్యమున్నది. మోటారు గృహమున ఆ ధైర్యము చెల్లదు. వంటగది, పడక, స్నానపు గది అన్నిటిని చక్రములపై మోసికొనిపోవు ఈ బండిని మనవారు కారవాను అందురు. సినిమా చిత్రీకరణ జరుగు చోట్ల నటులకొఱకు నిలిపియుంచు బండ్లను శ్రోతలలో పలువురు చూచియే యుందురు. అమెరికాలో ఉద్యోగవిరమణ చేసిన దంపతులు పెక్కుమంది ఇట్టి బండ్లలో నెలల తరబడి కాపురము చేయుదురు. అయోవా రాష్ట్రములోని ఫారెస్టు సిటీయందు విన్నెబాగో సంస్థ 1966లో వీనిని వరుసగా తయారుచేయ నారంభించిన పిదప, సామాన్య గృహస్థులకును ఇవి అందుబాటులోనికి వచ్చినవి.

ఆ దేశమున మిక్కిలి ఖరీదుగల బండ్లలో కర్మాగారమునందే పింగాణి పలకలు పఱచుట కలదు. అది చూచి, పాతబండి కొన్నవారికి మాసిన తివాచీని పెఱికివేసి తామును అట్లే చేయవలెనని బుద్ధి పుట్టును. కోరిక సమంజసమే. బురదకాళ్ళతో లోనికి వచ్చినను ఒక తడిగుడ్డతో పోవును. తివాచీకి పట్టు ముక్కవాసన పలకకు పట్టదు. కాని దుకాణమునకు పోవుటకు ముందు ఒక లెక్క వేసికొనవలెను.

9 మిల్లీమీటర్ల మందముగల పింగాణి పలక చదరపు అడుగునకు సుమారు 2 కిలోగ్రాములు తూగును. 100 చదరపు అడుగుల నేలకు పలకలే 200 కిలోగ్రాములు. వానిని అంటించు జిగురు సిమెంటు మఱియొక 40 కిలోగ్రాములు. అనగా నలుగురు మనుష్యులను శాశ్వతముగా బండిలో పరుండబెట్టినట్లే. ప్రతి బండికిని తయారుచేసినవారు నిర్ణయించిన గరిష్ఠభారము ఒకటి యున్నది. అమెరికాలో మనుష్యులను, సామానును కలిపి ఎంతవఱకు ఎక్కింపవచ్చునో తెలుపు చీటీని బండి లోపలనే అంటింతురు. కొన్ని బండ్లలో ఆ యంకె కొలది వందల కిలోగ్రాములను దాటదు. పలకలకు పోగా మిగిలినదానిలోనే నీరు, వంటసామగ్రి, మనుష్యులు ఇమడవలెను. నీరు లీటరునకు ఒక కిలోగ్రామని మఱువరాదు. మితిమీఱిన భారముతో పోవు చక్రపు టైరు ప్రక్కలు అధికముగా వంగి వంగి వేడెక్కును. వేసవి యెండలో పెద్దబాటపై వేగముగా పోవునపుడు అది పగిలిన, లోనివారి ప్రాణములకే ముప్పు. కావున నిండు నీటితో, ఇంధనముతో, సామానుతో బండిని లారీలు తూచు కాటాకు తీసికొనిపోయి ముందు ఇరుసును, వెనుక ఇరుసును వేఱువేఱుగా తూపించి, చోటున్నదని తేలిన పిమ్మటనే పని తలపెట్టవలెను. చోటు లేదని తేలినచో పలకల మాట అంతటితో విడువవలసినదే. దీనికి ఉపాయాంతరము లేదు.

ఇక కదలిక సంగతి. ఒక చక్రము గుంటలో దిగినపుడు బండిచట్రము తడిగుడ్డను పిండినట్లు మెలిదిరుగును. చట్రము ఉక్కు, దానికది బాధలేదు. పలక మాత్రము వంగ నేరదు, పగులును. ఇండ్లలో పలకలు పఱచు నేల, దూలముల నడిమి దూరములో 360వ వంతుకంటె ఎక్కువగా క్రుంగరాదని నియమము. 3 మీటర్ల దూరమునకు ఇది 8 మిల్లీమీటర్లు. కాని ఆ నియమము క్రుంగుటకు చెప్పినదే గాని మెలికకు కాదు. దీనికితోడు వేడిమి యొకటి. రేయి చలికిని, తలుపులు మూసి యెండలో నిలిపిన పగటికిని 40 డిగ్రీల తేడా వచ్చుట వింతకాదు. అంత తేడాకు 4 మీటర్ల ఉక్కు దాదాపు 2 మిల్లీమీటర్లు సాగగా, అదే పొడవుగల పింగాణి ఒక మిల్లీమీటరే సాగును. ఆ మిగిలిన మిల్లీమీటరు ఎక్కడో ఒకచోట సర్దుకొనవలెను గదా!

అది సర్దుకొనుటకే పాలిథీనుతో చేసిన పలుచని చాప యొకటి యున్నది. మందము 3 మిల్లీమీటర్ల మాత్రము. దానినిండ చదరపు గుంటలుండును. వాని మూతి యిఱుకు, అడుగు వెడల్పు. జిగురు సిమెంటు వానిలోనికి దిగి గట్టిపడి ఊడిరాదు. క్రింది ప్లైవుడ్డు అటునిటు కొంచెము జరిగినను చాప ఆ లాగుడును పలకదాక పోనీయదు. అయితే నేలయే పైకి క్రిందికి ఊగుచున్నచో చాప ఏమియు చేయలేదు. కనుక మొదట ప్లైవుడ్డును పరీక్షింపవలెను. కిటికీల క్రింద, స్నానపు గది గుమ్మమువద్ద వాననీరు దిగి చెక్క మెత్తబడియుండవచ్చును. మేకుమొనతో పొడిచిన తెలియును. చివికిన భాగమును కోసి క్రొత్తది వేసి, మరమేకులతో దగ్గఱదగ్గఱగా బిగింపవలెను. బిగించుటకు ముందు బండిక్రిందికి దూఱి గ్యాసుగొట్టము, విద్యుత్తు తీగలు, నీటితొట్టి ఎచ్చటనున్నవో చూడనిచో, ఒక మరమేకు పెద్ద అనర్థము తేగలదు.

జిగురు సిమెంటు సాధారణమైనది పనికిరాదు. యూరపు ప్రమాణము ననుసరించి ఎస్‌1, ఎస్‌2 అను గుర్తులు గలవి మేలు. సిమెంటుపట్టీని వంచి చూచినపుడు మొదటి తరగతిది కనీసము 2.5, రెండవది 5 మిల్లీమీటర్లు వంగిన గాని విఱుగదు. పండ్లతాపీతో చాళ్ళన్నియు ఒకే దిక్కునకు తీసి, పలక వెనుకను పలుచగా పూసి అదిమి, నడుమ నడుమ ఒకదానిని ఎత్తి చూచుచుండవలెను. నూటికి 95 పాళ్ళు అంటనిచో లోపలి బోలుచోటనే పగులు పుట్టును. రెండడుగుల పలకలు చూపునకు సొంపు. బండికి మాత్రము ఒక్క యడుగు పలకలే క్షేమము. గోడలచుట్టు, బీరువాలచుట్టు 6 మిల్లీమీటర్ల సందు విడిచి దానిని సిలికోనుతోనే నింపవలెను, సిమెంటుతో కాదు. పలకలను తడిరంపముతో ఆరుబయట కోయవలెను. ఆ పొడిధూళి ఊపిరితిత్తులకు విషము.

పనియంతయు రసమట్టమునకు సరిచూచి నిలిపిన బండిలోనే జరుగవలెను. సందులు పూసినపిదప వారమురోజులైన బండిని కదపకుండుట మంచిది.

ప్రక్కకు జరిగి వెడల్పగు గదులుగల బండ్లలో మఱియొక చిక్కున్నది. అట్టి గది లోనికి వచ్చునపుడు ప్రధానమైన నేలమీదుగా మిక్కిలి స్వల్పమైన సందుతో ప్రాకును. చాప, సిమెంటు, పలక కలిసి నేల 15 మిల్లీమీటర్లు పెరిగినచో గది అంచు పలకలను ఒరసి పగులగొట్టును, లేదా గదియే నడుమ చిక్కుకొనును. కావున గది ప్రాకు మేరవఱకు పలకలు మాని వినైలు పఱచుట ఉచితము. నా తలంపున చిన్నబండ్లకు నేలయంతటికి వినైలే చాలును. తప్పనిసరి ముచ్చట యున్నచో స్నానపు గదిలోని పది, పదిహేను చదరపు అడుగులకు పలకలు వేసికొనవచ్చును.

వేసినవారు మొదటి దూరప్రయాణము చేసి వచ్చినపిమ్మట ఒక నాణెముతో ప్రతి పలకను తట్టి చూడవలెను. గణగణలాడక డొల్లగా పలికిన పలక క్రింద పట్టు విడినదని గుర్తు. అప్పుడే దానిని తీసి మార్చినచో ప్రక్కవానికి చేటు రాదు. ఇందుకొఱకు కొన్ననాడే ఒక పెట్టె పలకలు అధికముగా కొని, బండిలో కాదు, ఇంటివద్ద దాచుకొనవలెను.