పెరటి ఆకులో మందు ఎంత? ఆసుపత్రికి రావలసింది ఎప్పుడు?

వేలు తెగితే పసుపు అద్దడం, ఆటలమ్మ తగ్గాక వేపాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయించడం, పంటినొప్పికి లవంగం నొక్కి పెట్టడం, పొలంలో కొడవలి తగిలితే గట్టు మీది గాయపాకు నలిపి రసం పిండడం... ఇవన్నీ మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాట్లు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లోనూ, కొల్లేరు లంక గ్రామాల్లోనూ వీటిలో ఒకటైనా తెలియని ఇల్లు ఉండదు. "ఈ ఆకుల్లో నిజంగా మందు ఉందా అండీ?" అని చాలామంది డాక్టర్లను అడుగుతుంటారు. ఉంది. అయితే ఆ మందు ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలియక కొందరు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసం.

మొక్కలకు ఈ మందు ఎందుకు?

మొక్క కదలలేదు. బూజు గాని, బాక్టీరియా గాని, పురుగు గాని మీద పడితే పారిపోలేదు. అందుకే ఆకుల్లో, బెరడులో, దుంపల్లో చేదు, ఘాటు పదార్థాలను తయారుచేసుకుని తనను తాను కాపాడుకుంటుంది. మనం మందు అంటున్నది ఆ పదార్థాలనే.

వెల్లుల్లి: దీనిలోని అల్లిసిన్ అనే పదార్థాన్ని 1944లో అమెరికాలో కవల్లిటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు వేరుచేసి, అది బాక్టీరియాను అణచగలదని చూపించారు. విచిత్రమేమంటే చెక్కుచెదరని రెబ్బలో అల్లిసిన్ ఉండదు. రెబ్బను నలిపినప్పుడు లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అప్పటికప్పుడు అది పుడుతుంది. రెబ్బను నలపకుండా అలాగే నూనెలో వేయిస్తే దాదాపు పుట్టదు.

పసుపు: పసుపు రంగునిచ్చే కర్కుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. పసుపులో ఇది నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది.

వేప: మన దేశ శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ 1942లో వేపనూనె నుంచి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే చేదు పదార్థాలను వేరుచేశారు. వేప మీద ఆధునిక పరిశోధనకు అది తొలి మెట్టు.

లవంగం, తులసి, వాము: లవంగంలోనూ తులసిలోనూ యూజినాల్ ఉంటుంది. పంటి డాక్టరు పుచ్చిన పన్నును తాత్కాలికంగా పూడ్చే సిమెంటులో కలిపేది దీన్నే. వాములోని థైమాల్ నోరు పుక్కిలించే మందుల్లో వాడతారు. అంటే మన వంటింటి దినుసుల్లోని పదార్థాలు కొన్ని ఇప్పటికే ఆసుపత్రికి చేరాయన్నమాట.

గాజుపళ్లెం వేరు, మనిషి శరీరం వేరు

"ఫలానా ఆకు రసంతో బాక్టీరియా చచ్చింది" అని పేపర్లలో అప్పుడప్పుడు చదువుతుంటాం. ఆ వార్తలు అబద్ధం కాకపోవచ్చు. కాని ఆ ప్రయోగాలు చాలావరకు జరిగేది గాజుపళ్లెంలో. బ్లీచింగ్ పౌడర్ కూడా బాక్టీరియాను చంపుతుంది. అలాగని దాన్ని తాగం కదా!

మందు అనిపించుకోవాలంటే అది కడుపులోంచి రక్తంలోకి చేరాలి. రోగం ఉన్నచోటికి తగినంత మోతాదులో వెళ్లాలి. మనిషికి హాని చేయకూడదు. కర్కుమిన్ ఇక్కడే వెనుకబడుతుంది. మింగిన దానిలో అతి కొద్ది భాగమే రక్తంలోకి చేరుతుంది. మిగిలినది మలంలో పోతుంది.

మానుపసుపు జాతి మొక్కల్లో ఉండే బెర్బెరిన్‌ది మరో కథ. బాక్టీరియా తన ఒంట్లోకి వచ్చిన బెర్బెరిన్‌ను పంపు పెట్టి తోడినట్లు బయటికి తోడేస్తుంది. ఆ పంపును అడ్డగించే మరో పదార్థాన్ని కూడా మొక్కే తయారుచేసుకుంటుందని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మొక్కల నుంచి కొత్త మందులు వస్తాయన్న ఆశకు ఇలాంటి పరిశోధనలే ఆధారం. కాని ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.

"ఆకు మందు కదా, హాని ఉండదు" అనుకోవడం కూడా పొరపాటే. వేపనూనె తాగించిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చి, కాలేయం దెబ్బతిన్న సంఘటనలను 1980ల తొలి సంవత్సరాల్లో మలేషియా డాక్టర్లు నమోదు చేశారు. వారిలో చనిపోయిన పిల్లలూ ఉన్నారు. పచ్చి వెల్లుల్లి ముద్ద చర్మం మీద కట్టుకట్టి ఉంచితే కాలిన పుండ్లు పడతాయి.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. తరువాత లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త ఎన్నో చోట్ల నుంచి మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. దాన్ని 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. ఈనాడు మనం వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

మట్టిలో మందు ఉంది కదా అని ఎవరూ మట్టి తినిపించలేదు. అందులోంచి పనిచేసే పదార్థాన్ని వేరుచేసి, జంతువుల మీద పరీక్షించి, మోతాదు తేల్చి, ఆ తరువాతే రోగులకు ఇచ్చారు. ఆకులకైనా దారి ఇదే.

పచ్చకామెర్ల పసరుతో జాగ్రత్త

మన డెల్టాలో వరిచేలల్లో, చేపల చెరువుల దగ్గర పనిచేసేవారు ఎలుక జ్వరం గురించి తప్పక తెలుసుకోవాలి. దీన్ని డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలోని బాక్టీరియా కాళ్ల పగుళ్ల ద్వారా, గాయాల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం దీని లక్షణాలు. ముదిరితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం తగ్గుతుంది. మూత్రపిండాలు పాడై ప్రాణాపాయం కలుగుతుంది.

కళ్లు పచ్చబడగానే చాలామంది పసరు మందుకు వెళతారు. పసరు తాగితే తగ్గిన వాళ్లను చూశామంటారు. నిజమే. కలుషితమైన నీటి వల్ల వచ్చే వైరస్ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఎలుక జ్వరం కామెర్లు అలా కాదు. తొలి రోజుల్లో వస్తే డాక్సీసైక్లిన్ మాత్రలతో నయమయ్యే జబ్బు, పసరు తాగుతూ వారం గడిపితే డయాలసిస్ దాకా వెళ్లవచ్చు. ఏ కామెర్లో తేల్చగలిగేది రక్తపరీక్షే, కంటిచూపు కాదు.

అలాగని మందుల షాపులో మనంతట మనమే యాంటీబయాటిక్ కొనుక్కోవడమూ తగదు. రెండు మాత్రలు వేసుకుని మానేస్తే బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. ఇలా మొండికెత్తిన బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

గుర్తుంచుకోండి

• చిన్న గాయాన్ని ముందు సబ్బుతో, ధారగా పడే మంచినీళ్లతో కడగండి. గట్టు మీది ఆకుతో పాటు మట్టి కూడా గాయంలోకి వెళుతుంది. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. టీ.టీ. ఇంజక్షన్ సంగతి అడగండి.

• షుగరు ఉన్నవారు కాలి పుండుకు ఏ ఆకూ కట్టవద్దు. నొప్పి లేకపోయినా అదే రోజు చూపించండి.

• పసికందు బొడ్డుకు డాక్టరు చెప్పనిదే పసుపు, నూనె, బూడిద వంటివేవీ పెట్టవద్దు.

• రెండు రోజులు దాటిన జ్వరం, పచ్చబడిన కళ్లు, తగ్గిన మూత్రం, ఆయాసం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయవద్దు.

• డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలినవి పక్కింటివారికి ఇవ్వవద్దు.

• కూరలో పసుపు, వెల్లుల్లి, కషాయంలో వాము నిరభ్యంతరంగా వాడుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం వెల్లుల్లిని మందులా ఎక్కువగా తీసుకునే ముందు డాక్టరును అడగండి.

చివరగా ఒక్క మాట. ఇంటి దగ్గర ఏ పసరు తాగారో, ఏ ఆకు కట్టారో డాక్టరు దగ్గర దాచవద్దు. కోప్పడతారేమోనని చాలామంది చెప్పరు. ఎన్నాళ్లు వాడారో కూడా చెబితే సరైన పరీక్ష, సరైన మందు త్వరగా తేలతాయి.