తలచర్మము క్రింది బుడిపె

జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ 1885 ప్రాంతమున జంతువుల రక్తములోనికి రంగులెక్కించి చూడగా, దేహమందలి తక్కిన అవయవములన్నియు రంగు పట్టెను గాని మెదడు మాత్రము తెల్లగానే నిలిచెను. ఆ రంగు మెదడునకు అంటదు గాబోలునని ఆయన తలచెను. శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో మరియొక రంగును మెదడును చుట్టియుండు ద్రవములోనే ఎక్కింపగా, మెదడు నీలవర్ణము దాల్చి తక్కిన దేహము మామూలుగా నుండెను. గురువుగారి ఊహ వీగిపోయి, రక్తమునకును మెదడునకును నడుమ ఒక అడ్డుకట్ట కలదని తేలినది.

విషములనుండి మనలను కాచు ఈ కట్టయే వైద్యునకు తలనొప్పి. పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరులో వ్యాధికణములు మెదడు పొరలలో దాగినపుడు, నరములోనికెక్కించిన మందు చాలవరకు కట్ట కీవలనే ఆగిపోవును; నడుమున వెన్నుపూసల సందున గ్రుచ్చి యిచ్చెదమన్న, మాటిమాటికి ఆ యాతన పడవలెను, పడినను మందు మెదడులోని కుహరములదాక సరిగా ఎక్కునన్న నమ్మకము లేదు.

1930లో పంజాబునందలి మియాన్ చన్నూలో పుట్టి, లాహోరున వైద్యము చదివి, ఆక్స్‌ఫర్డు మీదుగా అమెరికాలోని బెథెస్డా చేరిన శస్త్రవైద్యుడు అయూబ్ ఒమ్మాయా, ఈ చిక్కునకు 1963లో ఒక సాధనమును ప్రకటించెను. ఇంచుమించు రూపాయి బిళ్ళంత సిలికోన్ రబ్బరు బుడిపె, దాని అడుగునుండి సన్నని గొట్టము, అంతే. పుర్రెకు చిన్న రంధ్రము చేసి గొట్టపు కొనను మెదడులోని ద్రవకుహరమునకు దింపి, బుడిపెను చర్మము క్రింద కుట్టివేయుదురు. ఆపై ఎన్నిమారులు మందీయవలసినను సూది గ్రుచ్చునది తలచర్మమునే; తీసిన వెంటనే రబ్బరు తనంత తానే మూసికొనును.

మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఇంత సాదా వస్తువును చూచి కొందరు పెదవి విరువవచ్చును గాని, నాకు దీనియందు ముచ్చట గొలుపునది ఆ సాదాతనమే. భయమెల్ల సూక్ష్మజీవులతోడనే: ఒక్కమారు లోన చేరెనా, బుడిపెను ఊడదీయవలసియు రావచ్చును. అందుచే వైద్యుడు చర్మమును శ్రద్ధగా శుద్ధిచేసి, ఎంత మందు ఎక్కింపనున్నాడో అంత ద్రవమును ముందుగా తీసి, మెల్లగా మందునెక్కించి సూది తీసివేయును. పిమ్మట వ్రేలితో బుడిపెను నాలుగైదుమారులు నొక్కి వదలును. ఆ వ్రేలే దానికి పంపు.