చిన్న ఓడలో వన్యద్వీపములకు

హైదరాబాదునకు సముద్రము లేదు. మాసబ్ ట్యాంక్ వాసులకు చెరువను మాటయును నేడు పేరులోనే మిగిలినది. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియైన హయాత్ బక్షీ బేగమును ప్రజలు మాసాహెబా యని గౌరవముతో పిలిచెడివారు. ఆమె పేర వెలసిన తటాకమే మాసాహెబా తాలాబు. నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్ అయినది. నీరు పోయినది, పేరు నిలిచినది. నీరు పోయినచోట దాని నాశ్రయించిన కొంగలును బాతులును నిలువవు. ఒక జీవజాతి అంతరించుటకు దాని నివాసము చెడిన చాలునను సత్యమును గ్రహించుటకు మనము సప్తసముద్రములు దాటనక్కరలేదు. అయినను, ఆ సత్యము ద్వీపములలో కనిపించినంత స్పష్టముగ మరియొకచోట కనిపించదు.

దూరద్వీపములలోని మృగపక్షులను చూచుటకై చిన్న ఓడలలో పోవు యాత్రలు లోకమున నేడు ప్రబలినవి. 1966లో లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ అను స్వీడన్ జాతీయుడు సామాన్య ప్రయాణికులను అంటార్కిటికాకు గొనిపోయెను. 1969లో ఇట్టి యాత్రలకే ప్రత్యేకముగ ఒక చిన్న ఓడ సిద్ధమయ్యెను. పెద్ద ఓడకు లోతైన రేవు కావలయును. చిన్న ఓడ మారుమూల దీవి చెంత లంగరు వేసి, రబ్బరు పడవలలో కొలదిమందిని చొప్పున ఒడ్డునకు చేర్చగలదు. వెంట ప్రకృతిశాస్త్రము తెలిసినవాడొకడుండి, చూచినదానిని వివరించును. ప్రయాణికుడు అచట విద్యార్థి వంటివాడు.

సముద్రయానము తెలుగువారికి క్రొత్త కాదు. గోదావరి ముఖమున కోరంగి యను రేవు కలదు. 1839 నవంబరులో వచ్చిన తుపానునకు ఆ పట్టణము నాశనమైనది. పిమ్మట పూర్వవైభవము దానికి రాలేదు. అయినను దాని పేరు సముద్రములు దాటినది. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి, కాకినాడ మొదలగు రేవులనుండి బ్రతుకుతెరువునకై పోయిన తెలుగువారిని బర్మాలోను, మారిషస్‌లోను కోరంగులనియే పిలిచిరి. ఆ మారిషస్ దీవియే ద్వీపజీవుల చరిత్రకు గొప్ప పాఠశాల.

డచ్చివారు 1598లో ఆ దీవిలో దిగిరి. అప్పుడచట డోడో యను పక్షి యుండెను. అది పావురపు జాతికి చెందినది; కాని ఎగురలేదు. తన్ను వేటాడు మృగము దీవిలో లేకపోవుటచే, తరతరములుగ రెక్కల అవసరము తీరి, భయమనునది దానికి తెలియకుండెను. నావికులు కొన్నిటిని చంపి తినిరి. అంతకుమించిన చేటు ఓడలలో వచ్చిన పందులు, ఎలుకలు, కోతులు చేసినవి. నేలమీది గ్రుడ్లను, పిల్లలను అవి బ్రతుకనీయలేదు. నూరేండ్లు నిండకమునుపే డోడో అంతరించెను. మన కోరంగులు చెరకు తోటలలో పని చేయుటకు అచట కాలు మోపునాటికి ఆ పక్షి కథగా మిగిలి నూటయేబదియేండ్లు గడచినది.

ఇది విషాదగాథయే, కాని కథ అంతటితో ముగియలేదు. ఆ దీవిలోనే మారిషస్ డేగ యను మరియొక పక్షి, 1974 నాటికి అరణ్యమున నాలుగు మాత్రమే మిగిలినట్లు తెలియవచ్చినది. గ్రుడ్లను సేకరించి పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో విడుచు పనిని శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి ఓర్పుతో సాగించిరి. నాలుగు వందలైనవి. గులాబిరంగు పావురము కూడ ఇట్లే మరణముఖమునుండి మరలినది.

మారిషస్ ఆగ్నేయతీరమున, పడవలో కొలది నిమిషముల దూరమున, ఈల్ ఓ ఎగ్రెత్ అను చిన్నదీవి కలదు. ఫ్రెంచి భాషలో దానికి కొంగల దీవి యని యర్థము. విస్తీర్ణము 26 హెక్టారులు మాత్రమే. అచట ఎలుకలను నిర్మూలించి, పరదేశపు మొక్కలను పెరికి, నాటి అడవిని మరల నాటుచున్నారు. యాత్రికులను చిన్న జట్టులుగా, మార్గదర్శకుని వెంట, ఏర్పరచిన దారులలోనే నడిపింతురు. వారిచ్చు రుసుము ఆ పనికే తోడ్పడును. ఉత్తరముననున్న రౌండ్ ఐలాండ్ అను దీవిలో ఇట్టి అనుమతియును లేదు. మేకలు, కుందేళ్లు తినివేసిన ఆ దీవిని, వాటిని తొలగించి, శాస్త్రజ్ఞులకు మాత్రమే విడిచిరి. ఈ రెండు దీవులు కలిసి మనకొక నీతిని బోధించుచున్నవి: ప్రపంచమున చూడదగిన స్థలములును కలవు, చూడక విడువదగిన స్థలములును కలవు. రెంటిని వేరుచేసి తెలిసికొనుటయే యాత్రికుని సంస్కారము.

గాలాపగోస్ దీవులకు డార్విను 1835లో పోయిన బీగిల్ ఓడ పొడవు సుమారు 90 అడుగులు మాత్రమే. అచట ఆయన గడపినది అయిదు వారములు. ఆ అయిదు వారముల పరిశీలనము జీవశాస్త్రమునకు క్రొత్త మార్గమును చూపుటకు తోడ్పడినది. ఈక్వడార్ ప్రభుత్వము 1959లో ఆ దీవులను జాతీయోద్యానముగ ప్రకటించెను. నేడచట యాత్రికుల ఓడలో నూరుమందికి మించి ఎక్కింపరాదు. శిక్షణ పొందిన మార్గదర్శకుడు లేక ఉద్యానభూమిలో విహరింపరాదు. అంటార్కిటికాలో ఒక్కసారి ఒక్కచోట నూరుమందికి మించి దిగరాదు. దిగువారు తమ పాదరక్షలను కడిగి శుభ్రపరుచుకొనవలయును. ఒక విత్తనము, ఒక రోగక్రిమి అంటుకొని పోయినను, ఎలుక చేసిన పనినే అదియు చేయగలదు.

ఇక మన తీరమునకు వత్తము. బంగాళాఖాతమున అండమాను సమూహమునకు తూర్పుగ నార్కొండం అను దీవి కలదు. ఏడు చదరపు కిలోమీటర్లు కూడ లేని ఆ దీవిలో తప్ప, భూమిపై మరెచ్చటను లేని కొమ్ముముక్కు పక్షిజాతి యొకటి నివసించుచున్నది. ఆడుపక్షి చెట్టు తొర్రలో చేరి, ముక్కు పట్టునంత సందు విడిచి ద్వారమును మూసికొనును. మగపక్షి ఆ సందుగుండ పండ్లనందించును. అట్టి కాపురమునకు పెద్ద చెట్టు కావలయును. ఆ చిన్న అడవికి చేటు వచ్చిన, ఆ జాతి వలసపోవుటకు వేరు తావు లేదు. ఇది చూడక విడువదగిన స్థలములలోనిది.

కాకినాడ చెంతనున్న హోప్ దీవి మనకు మరింత దగ్గరిది. గోదావరి తెచ్చిన ఇసుకతో రెండు శతాబ్దములుగ పెరిగిన ఈ దిబ్బ, 16 కిలోమీటర్లకు తక్కువ కాని పొడవున కాకినాడ అఖాతమునకు కోటగోడవలె నిలిచినది. తుపాను కెరటముల వేగమును ముందుగ తానే భరించును. దానికి చేరువనున్న మడ అడవులను 1978లో కోరంగి అభయారణ్యముగ ప్రకటించిరి. విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్లకు పైన. మడ, తిల్ల, పొన్న చెట్ల వేళ్ల సందున పీతలును చేపపిల్లలును పెరుగును; నీటికుక్కలు, చేపలు పట్టు బావురుపిల్లులు వాటిపై జీవించును.

శీతకాలపు చివరి మాసములలో ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు ఈ దీవి ఇసుకకు వచ్చును. తల్లి రాత్రివేళ గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రమునకు మరలిపోవును. ఏడెనిమిది వారములలో పిల్లలు బయల్పడి, వెలుతురు తోచిన దిక్కునకు సాగును. సహజముగ ఆ దిక్కు సముద్రము. ఒడ్డున మానవుడు దీపము వెలిగించిన, అమాయకపు పిల్లలు దీపమునే సముద్రమనుకొని దారి తప్పి చచ్చును. తాబేలు గాలి పీల్చుటకు నీటిపైకి రావలయును. యంత్రపు పడవల వలలో చిక్కిన ఊపిరాడక మరణించును. మరల నది మీద ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచినకొలది, దీవులను పెంచు మన్ను సముద్రమునకు చేరుట తగ్గును. ఈ ఆపదలన్నియు నెమ్మదిగ వచ్చునవి, కావుననే వార్తలకెక్కవు.

అట్లయిన హోప్ దీవికి పోవలయునా, మానవలయునా? కొందరు పోరాదందురు, చూడనిదానిపై ప్రేమ కలుగదని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను న్యాయము కలదు. పగటివేళ మడ అడవి కాలువలలో అధికారుల అనుమతితో చిన్నపడవపై పోవుట విద్య. తాబేలు గ్రుడ్లు పెట్టు ఇసుకపై రాత్రి దీపములతో గుంపులుగ తిరుగుట అపచారము.

ఉపాధ్యాయులకొక మనవి. బాలురను, బాలికలను ఒక్కదినము కోరంగికి గొనిపోవుడు. ముందు పాఠశాలలో పటము గీయింపుడు. గోదావరి ఎచ్చట చీలునో, పోటుపాటులెట్లు వచ్చునో చెప్పుడు. అచ్చట నిశ్శబ్దముగ చూడనిండు. ప్లాస్టిక్ సంచి నొక్కదానినైనను విడువనీయకుడు; తాబేలు దానిని జెల్లీచేపగా భ్రమించి మ్రింగును. తిరిగివచ్చిన పిదప ప్రతివానిచేత చూచినదానిని వ్రాయింపుడు. కాకినాడ చేరలేని పాఠశాలలు తమ ఊరి చెరువునకే పోవచ్చును. ఏ పక్షి ఏ మాసమున వచ్చినదో పదియేండ్లు వరుసగ వ్రాసియుంచిన పుస్తకము, ఆ చెరువును పూడ్చ వచ్చినవారి యెదుట గట్టి సాక్ష్యము కాగలదు.