ఎముకకు అద్దకం

మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒకసారి పెడన తీసుకెళ్లి కలంకారీ అద్దకం చూపించాను. కరక్కాయ పట్టించిన గుడ్డమీద అచ్చుతో పటిక నీళ్లు అద్దారు. ఆరాక చూస్తే పువ్వు లీలగా తప్ప కనబడలేదు. దాన్నే అలిజరిన్ అనే రంగు వేసిన రాగి కాగులో మరిగిస్తే పటిక పడిన చోటల్లా ఎర్రపువ్వు లేచింది. "పక్కన ఎందుకు పట్టలేదు సార్?" అంది ఒక పిల్ల. పటికలోని అల్యూమినియమే రంగును పట్టి ఉంచుతుందని చెప్పాను. ఇదే రంగును ఇంకా పుట్టని ఎలుకపిల్లల ఎముకలకూ వేస్తారన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగింది.

అలిజరిన్ కాల్షియాన్నీ అలాగే అంటిపెట్టుకుంటుంది. 1736 నాటి సంగతి. లండన్ సర్జన్ జాన్ బెల్చియర్ ఒక అద్దకం వ్యాపారి ఇంట భోజనానికి కూర్చుంటే, వడ్డించిన పందిమాంసంలో ఎముకలు ఎర్రగా ఉన్నాయి. ఆ పందులు తిన్నది మాడర్ వేరు రంగు పీల్చిన తవుడు. కండ మామూలుగానే ఉంది, ఎముకకే రంగెక్కింది. మాడర్ వేరులోనూ మన కోస్తా చిరివేరులోనూ ఉన్నది అలిజరినే.

ఎముకనే పట్టే ఈ గుణం రసాయనాల పరీక్షలో పనికొస్తుంది. ఒక పారిశ్రామిక రసాయనం కడుపులో బిడ్డకు చేటు చేస్తుందా అని తేల్చడానికి చూలు ఎలుకలను నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు రసాయనం ఇవ్వరు, మిగతా మూడింటికి మూడు మోతాదులు. పిండం గర్భసంచికి అంటుకున్న నాటినుంచి రోజూ సన్నటి గొట్టంతో పొట్టలోకి పోస్తారు. ఎలుక మోసేది దాదాపు 22 రోజులు. కాన్పుకు ఒకరోజు ముందే తల్లిని చంపి పిల్లల్ని తీస్తారు. ఆగితే అవకరమున్న పిల్లల్ని తల్లే తినేయొచ్చు, సాక్ష్యం మిగలదు.

సగం పిల్లల్లో మెత్తని అవయవాలు చూస్తారు. మిగతా సగానికి అద్దకం. చర్మం, పేగులు తీసి ఆల్కహాల్లో ఉంచి, తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తారు. ఆ క్షారానికి కండ గాజులా తేటపడుతుంది. అలిజరిన్‌కు కాల్షియం చేరిన ఎముక మాత్రం ఎర్రబడుతుంది. చివరికి గ్లిజరిన్‌లో, బొటనవేలంత జెల్లీ ముద్దలో ఎర్రదారంతో కుట్టినట్టు అస్థిపంజరం! పక్కటెముకలు 13 జతలుండాలి. పద్నాలుగోది చుక్కలా మొలిచిందా? రొమ్ము ఎముకలో ఒక ముక్క రంగు పట్టకుండా మిగిలిందా? అయితే అక్కడికి కాల్షియం ఇంకా చేరలేదన్నమాట. అది ఆలస్యమా, అవకరమా అన్నదగ్గరే నిపుణులకు తగువు. ఒక తల్లికి డజను పిల్లలున్నా లెక్కలో సాక్షి ఒక్కటే. అందుకే గుంపుకు సుమారు 20 తల్లులు కావాలి.

ఎలుక మాట ఒక్కటే నమ్మితే లాభం లేదు. థాలిడోమైడ్ మందు పిల్లల కాళ్లూ చేతులూ తీసేస్తుందని ఎలుక చెప్పలేకపోయింది, కుందేలు పట్టిచ్చింది. కారు కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ దగ్గర కథ తిరగబడింది. ఎక్కువ మోతాదులో ఎలుకపిల్లల వెన్నూ పక్కటెముకలూ చెడ్డాయి, కుందేలు పిల్లలు బాగానే ఉన్నాయి. ఎలుక ఒంట్లో గ్లైకాలిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణం. అందుకే పరీక్షకు ఇద్దరినీ పిలుస్తారు.

మిగతా చరిత్ర చిన్నదే. 1926లో డాసన్ అనే శాస్త్రవేత్త ఈ అద్దకాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. 1981లో ఈ పరీక్ష ఎలా చేయాలో చెప్పే ఓఈసీడీ 414వ నంబరు మార్గదర్శకం వచ్చింది. మృదులాస్థికి నీలిరంగు తోడైంది. ఇప్పుడు ఎక్స్‌రే స్కాన్లూ వస్తున్నాయి.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పేశాను. "మెదడుకూ రంగేస్తారా సార్?" అంది ఆ పిల్లే. ఈ పరీక్షలో మెదడు ఆకారమే తెలుస్తుంది, బుద్ధి తెలియదన్నాను. దానికి వేరే తల్లుల్ని కాన్పు కానిచ్చి, పిల్లలు పెరిగాక చిక్కుదారిలో వదిలి చూడాలి.

"వాటినైనా బతకనిస్తారా?"

లేదమ్మా, చివరికి వాటి మెదడూ కోసి చూస్తారు అన్నాను.