సందెకాడ మూసుకునే తలుపు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో పెరటికోళ్లు ఉన్న ఇంటికి పొద్దుగూకే వేళ తప్పని పని ఒకటుంది. కోళ్లన్నీ చేరాక గూటి తలుపు వేసి, దానికి అడ్డంగా ఓ బండరాయి పెట్టాలి. నాట్ల రోజుల్లో పొలం నుంచి రావడం ఆలస్యమైనా, పెళ్లికి వెళ్లి ఆఖరి బస్సు తప్పినా ఆ రాత్రి గూడు తెరిచే ఉంటుంది. బావురు పిల్లికి ఆ ఒక్క రాత్రి చాలు.

ఈ పనిని యంత్రానికి అప్పజెప్పడం అనుకున్నంత కష్టం కాదు. సగం పని కోడే చేసి పెడుతుంది మరి. మేకల్లా దాన్ని తోలుకురానక్కర్లేదు. రంగులు చూడడానికి మన కంట్లో మూడు రకాల శంకు కణాలుంటే కోడి కంట్లో నాలుగున్నాయి, వాటికి తోడు జంట శంకువులు. మసక వెలుతురులో పనికొచ్చే దండ కణాలు మాత్రం తక్కువే. పగలు మనకు కనిపించని రంగులు కూడా చూసే కోడికి, పొద్దు వాలేసరికి చూపు ఆనదు. అందుకే చీకటి పడకముందే గూటి దారి పడుతుంది.

పొద్దున సంగతి వేరు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో షిమ్మురా, యోషిమురా పుంజులను రాత్రీపగలూ ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. తెల్లవారే సూచన ఏదీ లేకున్నా అవి వేళకు కూశాయి. శరీరంలోని గడియారమే వాటిని లేపుతోందని 2013లో ప్రకటించారు. తలుపు పావుగంట ఆలస్యంగా తెరుచుకుంటే లోపల గోల తప్ప నష్టం లేదు. సాయంత్రం పావుగంట ముందే మూసుకుంటే మాత్రం కోడి బయట మిగిలిపోతుంది. నాటుకోడి అయితే ఏ చింతచెట్టో ఎక్కి బతికిపోతుంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా బరువు పక్షి, అంత ఎత్తుకు ఎగరలేదు. కాబట్టి ఈ యంత్రానికి అసలు పరీక్ష సందెవేళే.

వెలుతురు చూసి తనంతట తానే పనిచేసే యంత్రం పుట్టింది కోళ్ల కోసం కాదు, ఓడల కోసం. స్వీడన్‌లో రైతు కుటుంబంలో పుట్టిన గుస్తాఫ్ దలేన్ 1907లో దీపస్తంభాలకు సూర్య కవాటం తయారుచేశాడు. అందులో నల్లరంగు పూసిన లోహపు కడ్డీ ఒకటి, దాని చుట్టూ మెరుగుపెట్టిన కడ్డీలు. ఎండ పడితే నల్లకడ్డీ వేడెక్కి మిగతావాటికన్నా ఎక్కువ సాగి గ్యాసు దారిని మూసేస్తుంది. చీకటి పడితే కుంచించుకుని తెరుస్తుంది. అంతే, దీపం వెలుగుతుంది. రోజూ పడవలో వెళ్లి దీపం పెట్టి ఆర్పే మనిషితో పని లేకుండా పోయింది. 1912లో దలేన్‌కు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అదే ఏడాది గ్యాసు పరీక్షలో పేలుడు జరిగి అతని చూపు పోయింది.

కరెంటు కన్ను అంతకు ముందే పుట్టింది. సముద్రపు టెలిగ్రాఫ్ తీగలను పరీక్షించే ఇంగ్లండు ఇంజనీరు విల్లోబీ స్మిత్, సెలీనియం కడ్డీ మీద వెలుతురు పడితే కరెంటు సులువుగా పారుతోందని 1873లో లోకానికి చెప్పాడు. ఇప్పుడు ఐదారు రూపాయలకు దొరికే ఎల్‌డీఆర్ అనే వెలుతురు కన్ను ఆ వంశానిదే. సెలీనియం బదులు ఇందులో కాడ్మియం సల్ఫైడ్ ఉంటుంది. గోరంత బిళ్ల మీద పాములా మెలికలు తిరిగిన గీత ఒకటి కనిపిస్తుంది చూడండి, అదే.

దీన్ని నేరుగా మోటారుకు కలిపితే సందెవేళ తలుపుకు పిచ్చెక్కుతుంది. వెలుతురు సరిగ్గా హద్దు దగ్గర ఉన్నప్పుడు మబ్బు తొలగితే తెరుచుకుంటుంది, కమ్మితే మూసుకుంటుంది. దీనికి మందు 1930లలోనే దొరికింది. అమెరికాలో ఒటో ష్మిట్ అనే విద్యార్థి సముద్రపు స్క్విడ్ నరాలను పరిశీలిస్తూ, మూయడానికో హద్దు, తెరవడానికి అంతకన్నా పైన మరో హద్దు ఉండే సర్క్యూట్ తయారుచేశాడు. ష్మిట్ ట్రిగ్గర్ అంటే అదే. గూటి తలుపు 5 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర మూసుకుని, 20 లక్స్ దాటితేనే తెరుచుకునేలా పెడితే మధ్యలో ఊగిసలాట ఉండదు. తెరిపి ఉన్నరోజు సూర్యుడు అస్తమించే క్షణాన సుమారు 400 లక్స్ ఉంటుంది. ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో అది మూడు నాలుగుకు పడిపోతుంది. మన వైపు సందె అంత తొందరగా ముగుస్తుంది.

ఇంగ్లండు పెరళ్ల కోసం తయారైన తలుపును తెచ్చి మన గూటికి బిగిస్తే సరిపోదని నా అభిప్రాయం. లండన్‌లో ఏడాది పొడవునా చూస్తే సూర్యాస్తమయ వేళ నాలుగు గంటలకు పైగా మారుతుంది. సూర్యాపేట దగ్గర నవంబరు చివర్లో 5:34, జులై మొదట్లో 6:50. తేడా గంటంబావే, కాబట్టి గడియారమే చాలనిపిస్తుంది. అలాగని టైమరు ఒక్కటే చాలదు. ఏడుంబావుకు పెడితే నవంబరులో గంటంబావుకు పైగా తలుపు చీకట్లో తెరిచి ఉంటుంది. కన్ను ఒక్కటే ఉన్నా చాలదు. తుఫాను రోజుల్లో మధ్యాహ్నమే కారుమబ్బులు కమ్మితే తలుపు పడిపోవచ్చు. వీధిలో ఎల్‌ఈడీ దీపం ఉంటే ఆ కంటికి రాత్రే రాదు. 65వ నంబరు జాతీయ రహదారి పక్క ఇళ్లకు లారీల హెడ్‌లైట్లు అదనం. అందుకే రెండూ కలపాలి. సాయంత్రం ఐదున్నర దాటాలి, చీకటి పదినిమిషాలు నిలవాలి, అప్పుడు మూసుకోవాలి. వెలుతురు ఎంతకీ తగ్గకపోతే ఏడున్నరకు ఎలాగైనా మూసుకోవాలి. ఈ నియమాలు రాయడానికి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు, గడియారపు చిప్పు చాలు. డీఎస్3231 చిప్పు ఏడాదికి సుమారు నిమిషానికి మించి తప్పదు.

ఇక కండబలం. పాత కారు వైపరు మోటారు దీనికి భేషుగ్గా సరిపోతుంది, హైవే మెకానిక్ షెడ్లలో దొరుకుతుంది. తలుపుకు ఇనుప కమ్మీ బిగించి కిందికి నెట్టిస్తే పిల్లి ఎత్తలేదు. కానీ గడప మీద కోడి నిలబడి ఉంటే దాని నడుం విరుగుతుంది. తాడుతో దింపితే తలుపు బరువే కోడి మీద ఆగుతుంది, అది తప్పుకుంటుంది. అయితే తాడు పైకి లాగగలదు కానీ కిందికి నొక్కి పట్టలేదు, పిల్లి మూతితో ఎత్తేస్తుంది. రెండింటికీ మధ్య దారి గొళ్లెం. తలుపు నేల తాకి తాడు వదులవగానే రెండు పక్కలా గొళ్లేలు తమ బరువుకు తామే వాలి అడ్డుపడతాయి. పొద్దున తాడు బిగిస్తే ముందు అవి లేస్తాయి, తర్వాత తలుపు లేస్తుంది. ఈ యంత్రం మొత్తంలో నాకు నచ్చిన తెలివి ఇదే. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

మిర్యాలగూడ వైపు ఇంకో చిక్కు. మిల్లుల ఊరు కాబట్టి గూట్లో పరిచేది ఊకే. కోళ్లు గీరినప్పుడు అది ఎగిరి తలుపు కింది గాడిలో నిండుతుంది. ఊకలో ఇసుకకు చుట్టమైన సిలికా ఎక్కువ, అల్యూమినియం గాడిని అరగదీస్తుంది. తలుపు అంగుళం పైనే ఆగిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. కింద గాడి లేకుండా, తలుపు అంచు చదును రాయి మీద ఆనేలా కట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. మే నెల ఎండలు తెలిసినవాళ్లు రేకు తలుపు కన్నా సన్నకన్నాల జాలీ తలుపే కోరుకుంటారు. రాత్రి గాలి ఆడకపోతే కోళ్లు వగరుస్తాయి.

కరెంటు లెక్క తమాషాగా ఉంటుంది. మోటారు 3 ఆంపియర్లు లాగినా రోజుకు ఇరవై సెకన్లే తిరుగుతుంది. ఆర్డుయినో బోర్డు లాగేది 45 మిల్లీ ఆంపియర్లే, కానీ రోజంతా లాగుతుంది. లెక్క కడితే తలుపెత్తే మోటారు కన్నా ఊరికే ఆలోచిస్తూ కూర్చున్న బోర్డు అరవై రెట్లకు పైగా తినేస్తుంది. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆరు రోజులు లాగుతుంది. చిన్న సోలార్ పలక తోడైతే కరెంటు కోతల బెంగ ఉండదు.

ఒక్క శత్రువు ముందు ఈ తలుపు ఏమీ చెయ్యలేదు, ముంగిస. అది పగటి దొంగ, తలుపు తెరిచి ఉన్నప్పుడే వస్తుంది. దానికి మనిషో, కుక్కో, పెరటి చుట్టూ గట్టి జాలీయో ఉండాల్సిందే.

కట్టుకోవాలనుకునేవారికి ఒక్క మాట. మోటారు కొనేముందు వారం పాటు సాయంత్రాలు గూటి పక్కన కూర్చుని, ఆఖరి కోడి ఎప్పుడు లోపలికి వెళుతోందో రాసుకోండి. ఆ వేళకు ఎల్‌డీఆర్ చూపే అంకెకు కాస్త దిగువన హద్దు పెట్టండి. మొదటి నెల మాత్రం రాత్రి పడుకోబోయే ముందు టార్చి వేసి కోళ్లను లెక్కపెట్టుకోవడం మానకండి.